తీసేసిన తరువాత

సైరా ఎజే ఫోను చేసిందంటే ముందు తిట్టు వస్తుంది, ఆ తర్వాతే సంగతి. ఎజే అంటే వాళ్ళ భాషలో అక్క. అలా పిలవడమేగానీ జూరకాన్‌కి ఆమె తల్లి వయసుది. కోచ్కోర్ దాటి కొండల్లోకి పోయే దారిలో, ఒక ఊరి ఆస్పత్రిలో నర్సు. ఆ ఆస్పత్రిలో పిల్లల కార్డులన్నీ ఇప్పుడు కంప్యూటర్‌లో ఉంటాయి. ఆ ప్రోగ్రామ్ రాసింది బిష్కెక్‌లోని జూరకాన్ వాళ్ళ చిన్న కంపెనీ. అందుకని వారానికోసారైనా సైరా ఎజే గొంతు ఆఫీసంతా వినబడేది. "నీ కంప్యూటర్ మళ్ళీ అలిగిందే అమ్మాయ్, వచ్చి బతిమాలుకో!" అనేది.

ఆ బుధవారం పొద్దున తిట్టలేదు.

"అమ్మాయ్, నేను బతికున్న పిల్లాణ్ణి చంపేశానట," అంది. "పెద్ద డాక్టరు కాగితం ఇచ్చాడు. సోమవారం నుంచి రావద్దన్నాడు."

జూరకాన్ టీ పియాలా కింద పెట్టింది. "ఏ పిల్లాణ్ణి?"

"అసిల్‌కాన్ కొడుకుని. తెలుసుగా, ఇద్దరు పిల్లలు ఉయ్యాల్లోనే పోయారు ఆ పిల్లకి. మూడోవాడు మే నెలలో పుట్టాడు. వీణ్ణయినా దక్కించుకోవాలని పోయిన నెల పక్క గుడారం ముసలమ్మకి ఇచ్చేశారు. ఏడుగురు కొడుకుల తల్లి ఆవిడ. తన పావడా కిందనుంచి పిల్లాణ్ణి ఇవతలికి తీసి, జల్లెడ నిండా పిండి పుచ్చుకుని మళ్ళీ వీళ్ళకే అమ్మింది. పేరు మార్చారు. తోక్తోసున్ అని. ఆగిపో నాయనా, మా దగ్గరే ఉండిపో అని. ఇందులో కొత్తేముంది, మా మేనమామకీ చేశారు, తొంభై ఏళ్ళు బతికాడు."

"ఊఁ."

"అసిల్‌కాన్ కొండ దిగి నా దగ్గరికొచ్చింది. ఎజే, పాత పేరు ఎక్కడా ఉండకూడదు, ఒక్కచోట ఉన్నా ఆ పీడ వెతుక్కుంటూ వచ్చేస్తుంది అంది. మీ ప్రోగ్రామ్‌లో పేరు మారిస్తే పాతది పక్కనే చిన్న అక్షరాల్లో కూర్చుంటుందాయె. అందుకని కార్డే తీసేశా. కొత్తది రాశా. చేసిన పాపం అంతే."

తర్వాతి మాట ఏమిటో జూరకాన్‌కి ముందే తెలిసిపోయింది.

"తీసేయగానే ఆ పిల్ల ఫోనుకి కబురు పోయిందట. ఏమనో చదవనా?"

"వద్దు ఎజే."

"మీ చిన్నారిని కోల్పోయిన దుఃఖంలో మేమూ పాలుపంచుకుంటున్నాం, అని. పాత పేరు పెట్టి మరీ. ఒక్కసారి కాదమ్మాయ్, మూడుసార్లు. వాళ్ళుండేది కొండ మీద మేతకాడ. ఎదురుగా చిన్న మిట్ట ఉంది, దాని మీదే సిగ్నల్ వస్తుంది. ఆ పిల్ల ఆ మిట్ట ఎక్కినప్పుడల్లా ఫోను మోగుతోంది, నీ కొడుకు చచ్చాడని. ఇప్పుడు పిల్లాణ్ణి ఒళ్ళోంచి దించడం లేదు. నిద్రపోవడం లేదు. మొగుడొచ్చి ఆస్పత్రిలో నానా రభసా చేశాడు."

ఆ పాత పేరు నేనూ ఇక్కడ రాయను. మంచిది కాదు.

*

ఫోను పెట్టేశాక జూరకాన్ ప్రోగ్రామ్ తెరిచింది. చెయ్యవలసిన మొదటి పని వెంటనే చేసింది. ఒక ఫోనుకి పోవలసిన కబుర్లు అందులో వరసలో నిలబడతాయి. ముందున్నది అందినట్టు తిరుగు కబురు వస్తేగానీ వెనకున్నది కదలదు. అసిల్‌కాన్ మిట్ట దిగిపోయేది, సిగ్నల్ తెగేది, తిరుగు కబురు వచ్చేది కాదు. అందలేదనుకుని ప్రోగ్రామ్ మళ్ళీ పంపేది. అలిసిపోవడం దానికి తెలియదు. జూరకాన్ ఆ కబురుని వరసలోంచి పీకేసింది. దాని వెనక ఇంకేముందో చూడలేదు. చూసే స్థితిలో లేదు.

తర్వాత ఆ కోడ్ ఉన్న చోటికి వెళ్ళింది.

ప్రోగ్రామ్‌లో ప్రతి పిల్లవాడూ ఒక వస్తువు. ఆ వస్తువుకి పుట్టడం, మారడం, పోవడం ఉంటాయి. ఆ గడియ వచ్చిందంటే ఎవరూ చెప్పకుండానే తమంతట తాము జరిగిపోయే పనులుంటాయి. కొత్త కార్డు పుట్టిన తరువాత టీకాల తేదీలు వేసుకోవాలి. కార్డు మారిన తరువాత మార్పు రాసి పెట్టుకోవాలి. కార్డు తీసేసిన తరువాత మిగిలినవన్నీ సర్దెయ్యాలి. వీటిని కాల్‌బ్యాక్‌లంటారు. ఆమెతో కలిసి ఆ ప్రోగ్రామ్ రాసిన షేర్‌బెక్ మాత్రం కాపలావాళ్ళు అనేవాడు. "గుమ్మం దగ్గర నిలబెట్టి మర్చిపోతాం. వాళ్ళు మాత్రం మర్చిపోరు" అని నవ్వేవాడు.

'తీసేసిన తరువాత' అన్నచోట మూడు వరసల కోడ్ ఉంది. టీకాల తేదీలు రద్దు చెయ్యి. జిల్లా మరణాల జాబితాలో చేర్చు. తల్లికి సంతాపం పంపు. ప్రతి వరస పక్కనా రాసినవాడి పేరు, తేదీ ఉన్నాయి. షేర్‌బెక్. ఫిబ్రవరి పదకొండు.

షేర్‌బెక్ మార్చిలో పోయాడు. అత్తవారింటినుంచి వస్తుంటే కనుమలో మంచుచరియ విరిగి కారు మీద పడింది. కిటికీ పక్కన అతని బల్ల అలాగే ఉంది. దాని మీద అతని నీలం పియాలా కూడా ఉంది. కడిగి బోర్లించింది జూరకానే. తీసి పక్కన పెట్టడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు.

ఫిబ్రవరి పదకొండున షేర్‌బెక్ జ్వరంతో ఇంట్లో పడుకున్నాడు. మర్నాడు జిల్లా వాళ్ళకి ప్రోగ్రామ్ చూపించాలి. జూరకాన్ కంప్యూటర్ మరమ్మతుకి పోయింది. ఆమె అతని కుర్చీలో కూర్చుని, అతని కీబోర్డ్ మీద, అతని పేరుతో ఆ మూడు వరసలూ రాసింది. అదంతా ఆమెకి ఇప్పుడు చేతివేళ్ళతో సహా గుర్తొచ్చింది. అతని కీబోర్డ్‌లో ఒక మీట గట్టిగా నొక్కితేగానీ పడేది కాదు.

పాత మార్పుల చిట్టా తీసింది. ఆ రోజు ఏం చేరిందో ఆకుపచ్చలో, ఏం పోయిందో ఎరుపులో కనిపించింది. పోయినవాటిలో ఒకే ఒక్క వాక్యం ఉంది. అది కోడ్ కాదు, షేర్‌బెక్ తనకోసం రాసిపెట్టుకున్న గుర్తు.

'తీసేయడమంటే చావు ఒక్కటే కాదు. ముందు కారణం అడగాలి. సైరా ఎజేని కనుక్కో.'

దాన్ని చెరిపేసింది కూడా తనే. ఖాళీగా ఉన్న చోట అడ్డంగా ఉందని చెరిపేసింది. చిట్టా మాత్రం షేర్‌బెక్ మాటని షేర్‌బెకే కొట్టేసుకున్నాడని చెబుతోంది.

జూరకాన్‌కి తలెత్తి కిటికీ పక్క కుర్చీ వైపు చూడాలంటే భయం వేసింది.

*

మెలిస్ బైకే ఆ కంపెనీ యజమాని. బైకే అంటే అన్న, అందరికీ పెద్దన్న లెక్క. చెడ్డవాడు కాదు, కానీ కొంప మునిగేటప్పుడు ముందు తలుపు ఎటుందో చూసుకునే రకం. అంతా విని, స్క్రీన్ మీదికి వంగి, వరసల పక్కనున్న పేరు చదివాడు. ఊపిరి వదిలాడు.

"బతికిపోయాం," అన్నాడు.

"ఎలా బైకే?"

"జిల్లా వాళ్ళు నిన్న నాకూ ఫోన్ చేశారు. నర్సుది తప్పు కాకపోతే మీవాళ్ళలో ఎవరిదో పేరు చెప్పండి, ఆ మనిషి ఇక మా పనిలో ఉండకూడదు అన్నారు. చెబుదాం. షేర్‌బెక్ అని చెబుదాం. పాపం, వాణ్ణిప్పుడు ఉద్యోగంలోంచి ఎవడు తీస్తాడు?"

"ఆయన మీద పెడతామా?"

"పెట్టడమేంటి, పేరు అక్కడుంది కదా. సైరా ఎజే ఉద్యోగం నిలబడుతుంది, మన పని నిలబడుతుంది. చచ్చినవాడికి పోయేదేముంది చెప్పు? కాగితం నువ్వు రాయి, నీ రాత బావుంటుంది. శనివారం పైకెళ్ళి ఆ తల్లికి కూడా చెప్పొద్దాం."

చెప్పవలసిన మాట జూరకాన్ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఆ పని తప్ప ఆమెకి వేరే పని రాదు. ఆ ఊళ్ళో అలాంటి కంపెనీలు బోలెడు, కానీ జిల్లా వాళ్ళు పొమ్మన్న మనిషిని చేర్చుకునేవాళ్ళు ఎవరు? సైరా ఎజే బయటపడుతుంది కదా, అదే కదా ముఖ్యం అనుకుంది. అనుకుని కాగితం రాసింది. 'మా మాజీ ఉద్యోగి షేర్‌బెక్ పొరపాటు వల్ల' అన్నచోట కలం కాసేపు ఆగింది. ఆగినా రాసింది.

గురువారం మధ్యాహ్నం అనార్‌కుల్ వచ్చింది. షేర్‌బెక్ భార్య. బట్టలో మూటగట్టిన బోర్సోక్ తెచ్చింది. పోయినవాళ్ళకి వాసన చేరాలని గురువారం నాడు నూనె కాగబెట్టి పిండిముక్కలు వేయించడం ఇళ్ళల్లో ఉన్నదే. ఆమె మాత్రం నెలకోసారి ఆఫీసుకి కూడా తెచ్చేది.

"ఇంట్లో కంటే ఇక్కడే ఎక్కువసేపు ఉండేవాడు కదా," అంది, అతని కుర్చీలో కూర్చుంటూ. "ఇక్కడికే వస్తాడేమో, ఎవరికి తెలుసు."

"అలా అనకండి ఎజే, ఆయన రావలసింది ఇంటికే," అన్నాడు మెలిస్. నవ్వబోయి మానేసి, ఏదో పనున్నట్టు బయటికి వెళ్ళిపోయాడు.

అనార్‌కుల్ బల్ల మీద అరచెయ్యి పెట్టి దుమ్ము తుడిచింది. దుమ్మేమీ లేదు.

"జూరా, ఒకటి అడుగుతా, నవ్వకూడదు. ఆయన రాసినవి ఇంకా నడుస్తున్నాయా?"

"నడుస్తున్నాయి."

"అంటే ఇప్పుడు కూడా? ఈ నిమిషంలో కూడా?"

"ఈ నిమిషంలో కూడా. ఎక్కడో ఒక పిల్లాడి కార్డు రాస్తే ఆయన రాసింది నడుస్తుంది."

అనార్‌కుల్ కళ్ళు నిండాయి. "మావాడు బళ్ళో చెప్పుకుంటాడు. మా నాన్న రాసిన ప్రోగ్రామ్‌తోనే పిల్లలకి టీకాలేస్తారని. వాడికి చెబుతా, ఇప్పటికీ నడుస్తోందట అని." బోర్సోక్ ఒకటి తుంచి జూరకాన్ చేతిలో పెట్టింది. "తిను, వేడిగానే ఉంది."

జూరకాన్ నోట్లో పెట్టుకుంది. కీబోర్డ్ కింద కాగితం ఉంది. దాని అంచు బయటికి కనబడుతోంది. ఆమె మోచేత్తో లోపలికి తోసింది. అలా తోసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అనార్‌కుల్ వెళ్ళాక కొత్త కాపలావాణ్ణి రాసింది. 'తీసేసే ముందు' అన్నచోట నిలబెట్టింది. ఎందుకు తీసేస్తున్నారు? చనిపోయారా, పేరు మార్చారా, ఊరు మారారా, పొరపాటున రాశారా? జవాబు చెప్పకపోతే కార్డు పోదు. దాని పైన ఎర్ర వరసలోని మాటల్ని తిరిగి రాసింది, ఉన్నవి ఉన్నట్టుగా. ఆఫీసులో ఇంకా నూనె వాసన ఉంది. వెనక ఎవరో నిలబడి చదువుతున్నట్టే అనిపించింది. తిరిగి చూడకుండా కంప్యూటర్ కట్టేసింది.

*

శనివారం సైరా ఎజే ఊరి చివర కారెక్కింది. దారి పొడుగునా మెలిస్ డ్రైవింగ్‌ని తిడుతూనే ఉంది. "ఇది కారా, నువ్వు తోలేది గొర్రెల మందా? ఆ గుంటలోంచే పోవాలని మొక్కుకున్నావా?" అంది. ఆమె తిట్లు వింటుంటే జూరకాన్‌కి కాస్త ప్రాణం కుదుటపడింది.

కొండ మీద గడ్డి అప్పటికే ఎండి పసుపుబారింది. సగం కుటుంబాలు కిందికి దిగిపోయాయి. అసిల్‌కాన్ గుడారం బయట పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయేమో, ముఖం మాత్రం పీక్కుపోయింది. పిల్లాణ్ణి శాలువాతో గుండెకి కట్టుకుని, కట్టుకున్నట్టే పాల డబ్బా ఎత్తుతోంది, కట్టుకున్నట్టే కట్టెలు ఎగదోస్తోంది. ఎవరొచ్చినా వాడి ముఖం కనబడకుండా శాలువా చెంగు లాగుతోంది. గుడారంలో ఉయ్యాల ఖాళీగా ఉంది.

మొగుడు మందతో పోయాడంది. గుర్రప్పాలు పులియబెట్టిన కుమిస్ పోసిచ్చింది. కొండ మీదికి వచ్చినవాళ్ళు ఎవరైనా మర్యాద మర్యాదే. మెలిస్ రెండు గుక్కలు తాగి, కాగితం తీసి, గొంతు సవరించుకుని చదివాడు. నర్సు తప్పేమీ లేదు. పొరపాటు మాది. అది చేసినవాడు మా మాజీ ఉద్యోగి.

అసిల్‌కాన్ శ్రద్ధగా వింది. "మరి ఆయన్ని తీసుకురాలేదేం బైకే? నేనేమీ అనను. ముఖం చూడాలని ఉంది, అంతే."

"ఆయన లేడమ్మా. మార్చిలో కాలం చేశాడు."

ఆమె చేతిలోని గరిటె ఆగిపోయింది.

"మార్చిలోనా?"

"అవునమ్మా."

"మావాడు పుట్టింది మేలో." గొంతు బాగా తగ్గిపోయింది. "పుట్టకముందే చచ్చినవాడికి నా కొడుకు పేరెట్లా తెలిసింది? నాకెట్లా రాశాడు?"

"అలా కాదమ్మా. అది ముందే రాసిపెట్టి ఉంటుంది..." అని మెలిస్ ఆగిపోయాడు. అన్నాకగాని తనేమన్నాడో అతనికి అర్థం కాలేదు.

"ముందే రాసి ఉందా?" అసిల్‌కాన్ లేచి నిలబడింది. రెండు చేతులూ శాలువా మీద పడ్డాయి. "చచ్చినవాడు పిలుస్తున్నాడా నా కొడుకుని? మూడుసార్లు పిలిచింది చచ్చినవాడా? ఎజే, నువ్వు చెప్పలేదేం నాకు? కంప్యూటర్ అన్నావు కదా, కంప్యూటరే అన్నావు కదా!"

సైరా ఎజే లేచి ఆమె భుజాలు పట్టుకుంది. అసిల్‌కాన్ వెనక్కి వెనక్కి జరుగుతోంది. ఆ కళ్ళు చూసిన జూరకాన్‌కి, ఈ అబద్ధం ఒక ఉద్యోగాన్ని కాపాడితే కాపాడవచ్చుగానీ ఈ పిల్లని ఇక ఈ జన్మలో నిద్రపోనివ్వదని అర్థమైంది. షేర్‌బెక్‌ని దెయ్యాన్ని చేసింది తనే.

"రాసింది నేను," అంది.

ఎవరూ వినలేదు. గట్టిగా అంది.

"అసిల్‌కాన్! రాసింది నేను. చచ్చినవాడు కాదు. నేను ఆయన కుర్చీలో కూర్చుని, ఆయన పేరుతో రాశాను. ఇలా చెయ్యొద్దు, ముందు కారణం అడగాలి అని ఆయన రాసిపెడితే అది కూడా నేనే చెరిపేశాను. నేను బతికే ఉన్నాను, చూడు." కుడిచెయ్యి చాచింది. "ఈ చేత్తో రాశాను. పట్టుకుని చూడు."

అసిల్‌కాన్ దగ్గరికి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. మర్యాదకి పట్టుకున్నట్టు కాదు. పశువుకి జ్వరముందో లేదో చూసినట్టు మణికట్టు నొక్కి, వేళ్ళు ఒక్కొక్కటీ తడిమింది. చెయ్యి వెచ్చగా ఉంది.

"ఎందుకు రాశావు?"

"కార్డు తీసేశారంటే బిడ్డ పోయినట్టే అనుకున్నాను. ఇంకోలా ఉండొచ్చని ఆలోచించలేదు. అడగలేదు."

"ఒక్క ఫోను కొడితే చెప్పేదాన్ని కదే!" అంది సైరా ఎజే. ఈసారి తిట్టులా లేదు, ఏడుపులా ఉంది. "వారం వారం నీ బుర్ర తింటూనే ఉంటాను, ఆ ఒక్క ముక్క అడగలేకపోయావూ?"

మెలిస్ ఎవరి ముఖమూ చూడలేదు. కాగితాన్ని రెండు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

అసిల్‌కాన్ చెయ్యి వదల్లేదు. "అయితే నాతో రా," అంది. "ఆ మిట్ట మీదికి. ఈసారి మోగితే నువ్వే విను."

ఫోను గుడారం వెనక ఒక రాయి కింద ఉంది. ఉన్ని గుడ్డలో చుట్టి, తాడుతో కట్టి పెట్టింది. ఆ ముడి జూరకానే విప్పవలసి వచ్చింది. నలుగురూ మిట్ట ఎక్కారు. గాలి విసురుగా ఉంది. స్క్రీన్ మీద ముందు ఏమీ లేదు, తర్వాత ఒక గీత, తర్వాత రెండు. ఆ సంతాపాన్ని వరసలోంచి తన చేత్తోనే పీకేసిందిగానీ, జూరకాన్‌కి ఇప్పుడు తన చేతి మీద నమ్మకం లేదు.

ఫోను మోగింది.

అసిల్‌కాన్ వెనక్కి తిరిగి పిల్లాడి రెండు చెవులూ అరచేతులతో మూసేసింది. "నువ్వే చదువు," అంది, అటువైపే తిరిగి. "నువ్వు రాసిందేగా."

జూరకాన్ చూసింది. అక్షరాలు కుదురుకోవడానికి ఒక క్షణం పట్టింది. ఇన్నాళ్ళూ ఆ సంతాపం వెనక ఇరుక్కుని, కదలలేక నిలబడిపోయిన కబురు అది. కొత్త కార్డు పుట్టిన తరువాత పోవలసింది. ఈ మాటలు మాత్రం షేర్‌బెక్‌వి, అచ్చంగా అతనే రాసినవి.

"తోక్తోసున్‌కి మూడో విడత టీకా మంగళవారం. పిల్లాణ్ణి వెచ్చగా చుట్టి తీసుకురండి."

"ఏ పేరు?"

"తోక్తోసున్."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. మూడోసారి కూడా చదివించుకుంది అసిల్‌కాన్. అప్పుడు చేతులు తీసి, శాలువా చెంగు కొంచెం పక్కకి జరిపింది. ఎర్రటి బుగ్గలతో, ఎవరో తన తిండి ఎగ్గొట్టినట్టు కోపంగా చూస్తున్నాడు పిల్లాడు.

"మంగళవారం గుర్రం ఖాళీ ఉండదు," అంది అసిల్‌కాన్, మామూలు గొంతుతో. "బుధవారం తెస్తే వేస్తావా ఎజే?"

సైరా ఎజే మెలిస్ వంక చూసింది. సోమవారం నుంచి ఆమె ఆ ఆస్పత్రిలో ఉంటుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు.

మెలిస్ నిట్టూర్చాడు. జేబులోంచి కాగితం, కలం తీసి జూరకాన్‌కి ఇచ్చాడు. "పేరు కొట్టేసి నీది రాయి. జిల్లా వాళ్ళు నిన్ను ఉంచమంటారని మాత్రం ఆశపడకు."

"పడను బైకే."

మోకాలి మీద పెట్టుకుని మడత విప్పింది. షేర్‌బెక్ పేరు మీద గీత గీయబోయి ఆగింది. కొట్టేసినా ఆ పేరు కింద కనబడుతూనే ఉంటుంది. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకుంది.

"బైకే, ఇంకో కాగితం ఉందా?" అంది. "తెల్లది కావాలి."